వేసవి పండ్లు, కూరగాయలు: కొన్న దగ్గర్నుంచి తినేదాకా రుచి పోకుండా ఎలా చూసుకోవాలి?

ఎండలు ముదిరాయంటే చాలు, ఏటా అవే ప్రశ్నలు వస్తాయి. "పుచ్చకాయ కోస్తే లోపల తెల్లగా, చప్పగా ఉంది. ముందే ఎలా తెలుస్తుంది?" "మామిడికాయలు ఫ్రిజ్‌లో పెట్టాను. పండలేదు సరికదా, తొక్క నల్లబడింది." "కీరదోస చేదుగా ఉంది, తినొచ్చా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకేచోట రాస్తున్నాను. వరసగా చదివితే మంచిది. తీరిక లేకపోతే 3, 4, 6 అడుగులు మాత్రం వదలకండి. రుచి పోయేదీ, ఆరోగ్యానికి ముప్పు వచ్చేదీ ఎక్కువగా అక్కడే.

ఒక మాట ముందే చెప్పాలి. బాగాలేదని పారేసే పండ్లలో చాలావాటికి తోటలో ఏ లోపమూ ఉండదు. ఇంటికొచ్చాక తప్పు చోట పెట్టడం వల్లో, తొందరపడి కోయడం వల్లో, ముందే కడిగి తడితో దాచడం వల్లో పాడవుతాయి. ఇవన్నీ మన చేతిలో ఉన్న పనులే.

ఏమేం కావాలి

- కూరగాయలు తోమడానికి విడిగా ఒక బ్రష్. గిన్నెలు తోమేది దీనికి వాడకండి.
- నాలుగైదు కాగితం సంచులు. లేకపోతే అట్టపెట్టె, పాత పేపర్లు.
- శుభ్రమైన పొడి నూలు గుడ్డలు.
- మూత గట్టిగా పట్టే డబ్బాలు.
- పదునైన కత్తి, కోయడానికి చెక్క. మాంసం, చేపలు వండే ఇల్లయితే వాటికి వేరే చెక్క ఉండాలి.
- మిగిలినవి ఫ్రీజర్‌లో దాచాలనుకుంటే వెడల్పాటి పళ్లెం, జిప్ సంచులు.

అడుగు 1: ఇంట్లో పండేవేవి, పండనివేవి?

కొనేముందే ఇది తెలిసి ఉండాలి. కొన్ని పండ్లు చెట్టు నుంచి కోశాక కూడా మాగుతాయి. వాటిలో దాచుకున్న పిండి పదార్థం మెల్లగా చక్కెరగా మారుతుంది. మామిడి, అరటి, సపోటా ఇలాంటివి. టమాటా, బొప్పాయి కూడా కోశాక రంగు తిరిగి మెత్తబడతాయి. ఇవన్నీ ఎథిలీన్ అనే వాయువును వదులుతాయి, ఆ వాయువే వాటిని పండిస్తుంది.

పుచ్చకాయ, ద్రాక్ష, పైనాపిల్, లిచీ, చెర్రీ, స్ట్రాబెర్రీ అలా కాదు. కోసిన రోజు ఎంత తీపి ఉందో అంతే. చప్పటి పుచ్చకాయను పది రోజులు ఇంట్లో ఉంచినా తియ్యబడదు. కాబట్టి వీటి విషయంలో కొనేటప్పుడే జాగ్రత్తపడాలి.

కర్బూజా ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఇంట్లో ఉంచితే మెత్తబడుతుంది, వాసన కమ్మగా వస్తుంది. తీపి మాత్రం పెరగదు, ఎందుకంటే చక్కెరగా మారడానికి దానిలో పిండి నిల్వ ఉండదు. "మాగబెట్టినా తియ్యగా లేదు" అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే.

అడుగు 2: చూసి కొనడం

పుచ్చకాయ. ముందు తిరగేసి అడుగు చూడండి. తీగకు ఉన్నన్నాళ్లూ నేలకు ఆనుకున్న చోట ఒక మచ్చ పడుతుంది. అది వెన్నలా పసుపుపచ్చగా ఉంటే కాయ తీగ మీదే పండిందని అర్థం. తెల్లగా ఉన్నా, మచ్చే లేకపోయినా తొందరపడి కోసిందే. తర్వాత తొక్క చూడండి. పండిన కాయ కాస్త మసకగా ఉంటుంది, నిగనిగలాడేది తరచూ పచ్చిదే. ఒకే సైజువి రెండు తీసుకుని చేతుల్లో తూచండి, బరువుగా ఉన్నది ఎంచుకోండి. పుచ్చకాయలో దాదాపు 92 శాతం నీరే కాబట్టి తేలికగా ఉందంటే లోపల ఎండిపోతోందన్నమాట.

తట్టి చూడటం గురించి చాలామంది అడుగుతారు. బోలుగా, లోతుగా మోగితే మంచిదంటారు. అలవాటైనవాళ్లకు అది పనికొస్తుంది, కొత్తవాళ్లకు అన్ని కాయలూ ఒకేలా మోగినట్టే ఉంటుంది. నన్నడిగితే మచ్చ, బరువు చాలు.

కోశాక మధ్యలో పగుళ్లు, బోలు కనిపిస్తే భయపడకండి. మందులు పోశారని ప్రచారం జరుగుతుంటుంది. పరాగ సంపర్కం సరిగ్గా జరగకపోయినా, కాయ ఒక్కసారిగా ఊరినా అలా అవుతుంది. కండ గట్టిగా, వాసన మామూలుగా ఉంటే నిశ్చింతగా తినొచ్చు. నురగ వస్తున్నా, పుల్లటి వాసన వేస్తున్నా, కండ జిగురుగా ఉన్నా మొత్తం పారేయండి. అది పులిసిపోయింది.

కర్బూజా. తొడిమ ఊడిన చోట గుంట నున్నగా ఉండాలి. తొడిమ ముక్క అంటుకునే ఉంటే పండకముందే కోసి ఉంటారు. రెండో కొసన ముక్కు పెట్టి చూడండి. వాసన లేకపోతే రుచీ ఉండదు. వల అల్లినట్టు గరుకు తొక్క ఉండే రకాలకు ఈ గుర్తులు బాగా సరిపోతాయి.

మామిడి. రంగును నమ్మకండి. పండినా ఆకుపచ్చగానే ఉండే రకాలున్నాయి, పచ్చిగా ఉండగానే ఎర్రబడేవీ ఉన్నాయి. ముచ్చిక దగ్గర చూడండి. రెండు పక్కలా భుజాలు నిండుగా ఉబ్బి, ముచ్చిక కాస్త గుంటలోకి దిగినట్టుంటే కాయ బాగా ముదిరింది. ఇంట్లో పరీక్షకు బకెట్ నీళ్లలో వేయండి. ముదిరినది మునుగుతుంది, లేతది తేలుతుంది. రకాన్ని బట్టి కొంచెం తేడా వస్తుంది కానీ మొత్తంమీద పనికొచ్చే పరీక్షే. తేలిన కాయలను పండబెట్టాలని చూస్తే ముడతలు పడతాయి తప్ప పండవు. పచ్చివిగానే వంటకు వాడేయండి.

మిగతావి క్లుప్తంగా. కీరదోస సన్నగా, గట్టిగా ఉండాలి. పసుపు తిరిగితే గింజ ముదిరినట్టు. బెండకాయ కొస వంచితే టప్పున విరగాలి. మొక్కజొన్న పొత్తు గింజను గోటితో గిల్లితే పాలు రావాలి. పొత్తు కోసిన క్షణం నుంచే దానిలోని చక్కెర పిండిగా మారుతుంటుంది కాబట్టి కొన్న రోజే వండుకుంటే దాని రుచి తెలుస్తుంది. సొరకాయ తొక్కలోకి గోరు సులువుగా దిగాలి.

అడుగు 3: మామిడిని మాగబెట్టడం

ఎక్కువమంది చెయ్యి కాల్చుకునేది ఇక్కడే. ఓపిగ్గా చేయండి.

క) కాయల్ని ఏరండి. దెబ్బ తగిలినవి, చీలినవి, మచ్చలున్నవి పక్కన పెట్టండి. ఒక్కటి కుళ్లితే చుట్టూ ఉన్నవాటికి పాకుతుంది.

గ) సొన కారి ఉంటే కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. సొన తగిలితే కొందరికి పెదాల దగ్గర దద్దుర్లు, మంట వస్తాయి. ముచ్చిక ఉంటే విరవకండి, విరిస్తే సొన మళ్లీ కారుతుంది.

చ) అట్టపెట్టెలో పేపరు పరిచి ఒకే వరసలో పేర్చండి. తక్కువ కాయలైతే కాగితం సంచి చాలు. త్వరగా పండాలంటే మధ్యలో ఒకటి రెండు అరటిపండ్లు పెట్టండి. అవి వదిలే ఎథిలీన్ మామిడికి సాయపడుతుంది.

ట) నీడగా, గాలి ఆడే చోట పెట్టండి. 20 నుంచి 25 డిగ్రీలు బాగా నప్పుతుంది. వేడి మరీ ఎక్కువైతే పైన మెత్తబడి లోపల పుల్లగా ఉండిపోతాయి. కిటికీ పక్కన ఎండలో, పొయ్యి దగ్గర పెట్టకండి.

త) రోజుకోసారి తెరిచి చూసి, పండినవి తీసేస్తూ ఉండండి. మామూలుగా మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది.

పండిందని ఎలా తెలుస్తుంది? ముచ్చిక దగ్గర కమ్మటి వాసన వస్తుంది. అరచేతిలో పట్టుకుని మెల్లగా అదిమితే కొంచెం ఒత్తుకుంటుంది. బొటనవేలితో నొక్కి చూడకండి. నొక్కిన ప్రతిచోటా మర్నాటికి నల్లమచ్చ పడుతుంది.

తరచూ జరిగే తప్పులు రెండు. మొదటిది, ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి పెట్టడం. లోపల చెమ్మ చేరి రెండో రోజుకే బూజు పడుతుంది. రెండోది, పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టడం. దాదాపు 12 డిగ్రీల కంటే తక్కువ చలిలో పచ్చిమామిడి దెబ్బతింటుంది. తర్వాత బయట పెట్టినా సరిగ్గా పండదు. నేనూ ఒక వేసవి ఊరెళ్తూ డజను కాయలు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తొక్క గుంటలు పడి నల్లబడింది, లోపల కండ పుల్లగా, రబ్బరులా ఉంది. ఒక్కటీ దక్కలేదు. ఊరెళ్లాల్సి వస్తే కాయల్ని ఎవరికైనా ఇచ్చి వెళ్లండి.

తొందరలో ఏ పొడీ వాడకండి. కాయల్ని త్వరగా పండబెట్టడానికి కొందరు వాడే కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే అసిటిలీన్ వాయువు వస్తుంది. దానితో పాటు ఆర్సెనిక్, భాస్వరం జాడలు కూడా ఉండే అవకాశం ఉంది. అరటిపండు చేసే పనికి విషం ఎందుకు?

అడుగు 4: ఏది ఎక్కడ పెట్టాలి

బయట ఉంచాల్సినవి: కోయని పుచ్చకాయ, పచ్చిమామిడి, పండని బొప్పాయి, ఎర్రబడని టమాటాలు, అరటి.

ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి: పండిన మామిడి (నాలుగైదు రోజులు), ద్రాక్ష, చెర్రీ, లిచీ, మొక్కజొన్న, ఆకుకూరలు, కోసిన ప్రతి పండూ.

టమాటా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దాని రుచిలో సగం వాసనే. ఫ్రిజ్ చలికి ఆ వాసననిచ్చే పదార్థాలు తయారవడం తగ్గిపోతుంది, కండ పిండిలా అవుతుంది. రెండు మూడు రోజుల్లో వాడేవైతే బయటే ఉంచండి, తొడిమ వైపు కిందికి పెట్టి. ఆ గాటులోంచే నీరు ఆవిరవుతుంది, బూజు కూడా అక్కడే మొదలవుతుంది. బాగా పండిపోయి, వాడే వీలు లేకపోతే అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టండి. పచ్చిగా తినేట్టయితే కొన్ని గంటల ముందు బయటికి తీయండి.

కీరదోసకు మరీ చలి పడదు, మరీ వేడీ పడదు. పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్ తలుపు దగ్గర ఉంచి, మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. బెండకాయను కడగకుండా, పొడిగా కాగితం సంచిలో పెట్టండి. తడి తగిలిందా, జిగురు పడుతుంది.

ఇంకొకటి. మామిడి, అరటి, టమాటా, కర్బూజా ఉన్న బుట్టలో కీరదోస, ఆకుకూర, పుచ్చకాయ పెట్టకండి. ఎథిలీన్ తగిలి కీర పసుపు తిరుగుతుంది, ఆకులు రాలతాయి, పుచ్చకాయ కండ పిండిపిండిగా అవుతుంది. "కొన్న రెండో రోజే కొత్తిమీర పసుపెక్కింది" అనేవాళ్లు ముందు పక్కన ఏముందో చూడండి.

అడుగు 5: కడగడం

తినేముందు లేదా కోసేముందు కడగాలి. దాచేముందు కడిగితే పూర్తిగా ఆరబెట్టాలి. ద్రాక్ష మీద తెల్లటి పూత మందు కాదు, సహజంగా వచ్చే మైనమే. అది ఉన్నంతకాలం పండు తాజాగా ఉంటుంది కాబట్టి ద్రాక్షను మాత్రం తినేముందే కడగండి.

పారే నీళ్ల కింద చేత్తో రుద్దుతూ కడిగితే చాలావరకు సరిపోతుంది. సబ్బు, గిన్నెలు తోమే ద్రవం వద్దు, అవి తొక్కలోంచి లోపలికి ఇంకుతాయి. పురుగుమందుల గురించి టెన్షన్ ఉంటే లీటరు నీళ్లలో రెండు టీస్పూన్ల వంట సోడా కలిపి, పావుగంట నానబెట్టి, మంచినీళ్లతో కడగండి. ఇది ఉపరితలం మీద ఉన్నవాటికే పనిచేస్తుంది. లోపలికి ఇంకినవి పోవాలంటే తొక్క తీయాల్సిందే.

తొక్క తినం కదా అని పుచ్చకాయ, కర్బూజా కడగరు చాలామంది. ఇది ప్రమాదకరమైన పొరపాటు. కత్తి దిగేటప్పుడు తొక్క మీది మట్టినీ, సూక్ష్మజీవులనూ కండలోకి తీసుకెళ్తుంది. కర్బూజా గరుకు తొక్కలో అవి సులువుగా దాక్కుంటాయి. 2011లో అమెరికాలో కర్బూజా ద్వారా పాకిన లిస్టీరియా బ్యాక్టీరియా వల్ల 30 మందికి పైగా చనిపోయారు. పారే నీళ్ల కింద బ్రష్‌తో గట్టిగా తోమి, పొడి గుడ్డతో తుడిచాకే కోయండి.

అడుగు 6: కోసేటప్పుడు, కోశాక

సొరకాయ, బీరకాయ, కీరదోస, దోసకాయ, గుమ్మడి వండేముందు చిన్న పచ్చిముక్క నాలుక మీద పెట్టి చూసి ఉమ్మేయండి. ఈ జాతి కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఒక్కోసారి ఎక్కువగా చేరుతుంది. ఎండ తీవ్రత, నీటి ఎద్దడి దానికి తోడవుతాయి. వండినా అది పోదు.

- కీరదోస కొస మాత్రమే కొంచెం చేదుగా ఉంటే తొడిమ వైపు రెండు మూడు సెంటీమీటర్లు కోసేసి, చెక్కు తీసి మళ్లీ రుచి చూడండి. చేదు లేకపోతే తినండి.
- సొరకాయ చేదుగా ఉంటే పూర్తిగా పారేయండి. ఉప్పు, పంచదార, నిమ్మరసం వేసి చేదును కప్పిపెట్టకండి. చేదు సొరకాయ రసం తాగిన వాళ్లకు వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం జరిగాయి, ప్రాణాలూ పోయాయి. పొరపాటున తాగాక కడుపునొప్పి, వాంతి మొదలైతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

కాకరకాయకు ఇది వర్తించదు. దాని చేదు వేరు.

కోసిన పండును రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట 32 డిగ్రీలు దాటితే గంట లోపే. ఫ్రిజ్ 4 డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా ఉండాలి. మూత ఉన్న డబ్బాలో పెట్టి, మూడు రోజుల్లో తినేయండి. పెద్ద పుచ్చకాయ ఒక్కసారే అవ్వదనుకుంటే చిన్నది కొనుక్కోవడం మేలు.

అడుగు 7: తినడం

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తింటే చల్లగా ఉంటుంది కానీ తీపి తక్కువగా తెలుస్తుంది. చలికి నాలుక మొద్దుబారుతుంది. మామిడి, కర్బూజా ముక్కల్ని పావుగంట ముందు తీసి పెట్టి తినండి, తేడా మీకే తెలుస్తుంది. పుచ్చకాయ మీద చిటికెడు ఉప్పు చల్లితే తీపి ఇంకా బాగా తెలుస్తుంది. తినేముందే చల్లాలి, ముందే చల్లితే నీరంతా దిగిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు మానేయండి.

జ్యూస్ కంటే పండే మంచిది. వడకడితే పీచు పోతుంది, చక్కెర మిగులుతుంది. ఒక గ్లాసు రసానికి పట్టే పండ్లను నమిలి తినమంటే చాలామంది తినలేరు. పండ్లు, కూరగాయలు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో కూరగాయల వాటా తగ్గిపోకుండా చూసుకోండి, వేసవిలో పండ్ల మోజులో అదే తగ్గుతుంది.

టమాటాకు ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ అనే పదార్థం నూనె వేసి వండినప్పుడు ఒంటికి బాగా పడుతుంది. విటమిన్ సి అయితే వేడికీ, నీళ్లకూ పోతుంది. కాబట్టి కొంత వండి, కొంత పచ్చిగా తినండి. కోసిన ముక్కల్ని నీళ్లలో నానబెట్టకండి.

జాగ్రత్త పడాల్సినవాళ్లు: షుగర్ ఉన్నవాళ్లు పండు మానాల్సిన పని లేదు కానీ కొలత ముఖ్యం. ఒక చిన్న గిన్నెడు తిని, రెండు గంటల తర్వాత షుగర్ చూసుకుంటే మీ ఒంటికి ఎంత పడుతుందో తెలుస్తుంది. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని చెప్పినవాళ్లు డాక్టరుని అడక్కుండా కర్బూజా, మామిడి, టమాటా ఎక్కువ తినకూడదు. ఐదేళ్లలోపు పిల్లలకు ద్రాక్షను ఎప్పుడూ కోయకుండా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. నిలువునా నాలుగు ముక్కలు చేసి, కూర్చోబెట్టి తినిపించండి.

అడుగు 8: మిగిలితే

మామిడి: రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక జిప్ సంచిలోకి మార్చి, గాలి నొక్కేసి మూయండి. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఆరు నెలల పైన నిలవుంటుంది. నేరుగా సంచిలో వేస్తే అంతా ఒకే గడ్డగా కడుతుంది.

మొక్కజొన్న: పొత్తుల్ని మరిగే నీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, గింజలు ఒలిచి, తడి ఆరాక ఫ్రీజ్ చేయండి.

టమాటా: కడిగి తుడిచి, కోయకుండానే ఫ్రీజ్ చేయొచ్చు. తీశాక పారే నీళ్ల కింద పట్టుకుంటే తొక్క దానంతటదే ఊడుతుంది. కూరల్లోకి బాగుంటుంది, పచ్చిగా తినడానికి పనికిరాదు.

పుచ్చకాయ ముక్కలు ఫ్రీజ్ చేస్తే మెత్తబడతాయి, మిక్సీలో వేయడానికి మాత్రమే. తొక్కకూ ఎర్రటి కండకూ మధ్య ఉండే తెల్లటి భాగాన్ని పారేయకండి. పైపచ్చ చెక్కేసి, ముక్కలు చేసి సొరకాయ వండినట్టే వండుకోవచ్చు. కీరదోసను ఫ్రీజర్‌లో పెట్టకండి, కరిగాక నీళ్లూ పీచూ మిగులుతాయి.

సంచుల మీద పెట్టిన తేదీ రాయండి. కొత్తవి వెనక, పాతవి ముందు ఉండేలా సర్దితే, అడుగున మరచిపోయిన సంచి ఒక్కటీ ఉండదు.